ఆంధ్రతీరమున వానకార్తెలు: దేశకాలముల పరిశీలనము

తెలుగువారి వాడుకలో కాలమునకు రెండు లెక్కలు గలవు. ఒకటి కావ్యములు నేర్పిన ఆరు ఋతువుల లెక్క. రెండవది కర్షకుని నోట నిలిచిన ఇరువదియేడు కార్తెల లెక్క. మొదటిదానిని గూర్చి సాహిత్యచరిత్రకారులు విరివిగా వ్రాసియున్నారు. రెండవది సామెతల సంపుటములలో చేరి ఎక్కువగా వినోదముకొరకే చదువబడుచున్నది. అయితే కార్తెసామెత వట్టి చమత్కారము కాదు. అది వాతావరణమును గూర్చిన ఒక వాక్యము. అట్టి వాక్యము ఒకానొక చోటున, ఒకానొక కాలమున మాత్రమే నిజమగును. కావున ప్రతి కార్తెసామెతను "ఇది యెచ్చటిది? ఎప్పటిది?" అను రెండు ప్రశ్నలు అడుగవలసియున్నది. అట్లడిగినచో సామెత యొక చారిత్రక సాక్ష్యముగా మారును. అడుగనిచో నదియే పొరపాటునకు మూలమగును. ఆంధ్రతీరపు వానలను ఆధారముగా గొని ఈ విషయమును నిరూపించుట ప్రస్తుత వ్యాసోద్దేశము.

1. తీరము, వానలు

ఆంధ్రతీరము ఉత్తరమున ఇచ్ఛాపురము మొదలు దక్షిణమున పులికాటు సరస్సు వరకు సుమారు వేయి కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. కృష్ణాముఖద్వారము వరకు తీరరేఖ ఈశాన్యమునుండి నైరృతికి సాగును. నిజాంపట్నపు అఖాతము దాటిన పిదప దాదాపు నేరుగా దక్షిణమునకు తిరుగును. ఈ తీరమునకు వాన రెండు త్రోవల వచ్చును.

జూన్ మొదటి రెండు వారములలో ప్రవేశించి సెప్టెంబరు చివరివరకు నిలుచు నైరృతి ఋతుపవనము మొదటి త్రోవ. అరేబియా సముద్రమునుండి వచ్చు ఆ గాలి తన తేమలో పెద్దపాలు పడమటి కనుమలపై కురిసి, పీఠభూమిని దాటి తూర్పుతీరమును చేరునప్పటికి చాలవరకు పొడిబారును. అందుచేత ఈ నెలలలో ఆంధ్రతీరమునకు వాన నిచ్చునవి ముఖ్యముగా బంగాళాఖాతపు ఉత్తరభాగమున పుట్టు అల్పపీడనములును, సాయంకాలపు ఉరుముల వానలును. అల్పపీడనముల దారికి దగ్గరగా నున్న శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములు వానిచే ఎక్కువ లాభము పొందును. దక్షిణమునకు పోయినకొలది ఆ లాభము తగ్గును.

అక్టోబరు మూడవ వారమున గాలి దిశ మారును. ఈశాన్యమునుండి వీచు గాలి బంగాళాఖాతముపై తేమను గ్రహించి నెల్లూరు తీరమునను, తమిళతీరమునను కురియును. ఇది రెండవ త్రోవ. ఇది డిసెంబరు వరకు సాగును.

ఈ రెండు త్రోవల ఫలితము గమనింపదగినది. శ్రీకాకుళమున ఏటివానలో సుమారు ఐదింట మూడుపాళ్లు జూన్ నుండి సెప్టెంబరు వరకు పడును. నెల్లూరున సుమారు ఐదింట మూడుపాళ్లు అక్టోబరు నుండి డిసెంబరు వరకు పడును. ఒకే భాష మాటలాడు ఒకే తీరమునకు రెండు కొనలయందు వానకాలము తలక్రిందులై యున్నది. నడుమ నున్న గోదావరీ కృష్ణా మండలములు రెండు వానలలోను పాలుపంచుకొనును. అచ్చట నైరృతి వాన పాలు అధికము. "తెలుగువారి వానకాలము" అని ఏకవచనమున చెప్పుటకు వీలులేని స్థితి యిది.

2. ఋతువు, మాసము, కార్తె

ఆరు ఋతువుల లెక్కలో శ్రావణ భాద్రపదములు వర్షర్తువు. ఆశ్వయుజ కార్తికములు శరత్తు. శరత్తు అనగా తేటబడిన ఆకాశము, తేరిన నీరు, రెల్లుపూవులు, పిండారబోసినట్టి వెన్నెల అని కావ్యసంప్రదాయము. కాని నెల్లూరు తీరమున ఆశ్వయుజ కార్తికములే కుండపోత వానల నెలలు; తీరమంతటికిని అవియే తుఫానుల నెలలు. ఉత్తరభారత మైదానములలో కన్నులకు కట్టిన కాలక్రమము కావ్యమార్గముతోపాటు దక్షిణమునకు వచ్చి, ప్రబంధముల అష్టాదశవర్ణనలలో నొక భాగముగా స్థిరపడినది. ఇందు కవుల దోషమేమియు లేదు. సంప్రదాయము దేశమంతటిని ఏకము చేయునది గనుక అది ఒక్కొక్క తీరపు వానకు లొంగదు. అయితే వాతావరణమునకు సాక్ష్యము వెదకువాడు శరద్వర్ణనమును సాక్ష్యముగా గొనరాదు.

చాంద్రమాసముల విషయమును ఇట్టిదే. తెలుగువారు పండుగలకు చాంద్రమానమును పాటింతురు. చాంద్రసంవత్సరము సౌరసంవత్సరముకంటె సుమారు పదునొకండు దినములు తక్కువ. అధికమాసముచే ఆ లోటు పూరింపబడును. ఈ సర్దుబాటుచేత ఏరువాకపున్నమి, అనగా జ్యేష్ఠపూర్ణిమ, ఒకయేట మే చివరను, మరియొకయేట జూన్ చివరను పడుచుండును. వాన సూర్యుని గతిని అనుసరించునే గాని తిథిని అనుసరింపదు. ఎద్దులను అలంకరించి అరకకు పూజ చేయుటకు తిథి చాలును; గింజను మంటిలో వేయుటకు చాలదు. అందుచేతనే పండుగ చాంద్రమైనను విత్తు సౌరమైనది. ఆ సౌరమానమే కార్తె.

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రవిభాగమున నుండు సుమారు పదమూడున్నర దినముల కాలమునకు కార్తె యని పేరు. నేటి లెక్కలో రోహిణికార్తె మే 25 ప్రాంతమునను, మృగశిర జూన్ 8 ప్రాంతమునను, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమునను ప్రవేశించును. ఉత్తర సెప్టెంబరు 13 మొదలు 26 వరకు నుండును. చిత్త అక్టోబరు 11 ప్రాంతమునను, స్వాతి అక్టోబరు 24 ప్రాంతమునను, విశాఖ నవంబరు 6 ప్రాంతమునను వచ్చును. ఏటేట ఒక దినము అటునిటు అగునే గాని అంతకుమించిన భేద ముండదు. ఆర్ద్ర ఆరుద్రయై, పూర్వఫల్గుని పుబ్బయై, చిత్ర చిత్తయై నిలుచుట ఈ పేర్లు గ్రంథములనుండి దిగి, జనుల నోళ్లలో నలిగి అరిగినవనుటకు సాక్ష్యము. తెలంగాణమున మృగశిరకు మిరుగము అని వాడుక. కన్నడ మరాఠీల మిరగ అను రూపము దీనికి తోబుట్టువు.

ఈ లెక్క తెలుగువారికే పరిమితము కాదు. మలయాళమున దీనికి ఞాట్టువేల యని పేరు. ఞాయర్ అనగా సూర్యుడు, కావున ఆ పదమునకు సూర్యుని వేళ యని యర్థము. అచ్చట తిరువాదిర, అనగా ఆర్ద్ర ఞాట్టువేల, మొక్కలు నాటుటకు మిక్కిలి ప్రశస్తమని భావింతురు. కన్నడమున వానలనే నక్షత్రముల పేర పిలుతురు. రోహిణి మళె, ఆరిద్ర మళె అని వారి వాడుక. బిహారున ఆర్ద్రకు అదరా యని పేరు. ఆ దినములలో విందు చేసికొందురు. తమిళులకు మాసములే సౌరములు గనుక అయిప్పసి, కార్తిగై అను నెలల పేర్లతోనే వానను నిర్దేశింపగలిగిరి. ఒడిశాయందు మిథునసంక్రాంతినాటి రజొ పండుగ తొలివానకు ముంగలిగా వచ్చును. చాంద్రమాసములు గల తెలుగు, కన్నడ, మరాఠీ జనులు నక్షత్రముల లెక్కను గట్టిగా పట్టుకొనుటకు కారణము స్పష్టము. కాని సౌరమాసములు గల మలయాళులును దానిని పాటించుటచేత చాంద్రమాన మొక్కటియే కారణమని చెప్పరాదు. ముప్పది దినముల నెలకంటె పదమూడున్నర దినముల కార్తె సేద్యపు పనులకు సన్నని కొలతబద్ద యనుటయు ఒక కారణమే.

3. ఎచ్చటి సామెత?

కార్తెసామెతలను సాక్ష్యముగా గొనుటకు ముందు ఒక జాగ్రత్త అవసరము. ఈ సామెతలలో శబ్దము అర్థమును లాగుకొనిపోవుట తరచుగా గలదు. రోహిణికి రోళ్లు, ఉత్తరకు ఎత్తర, విశాఖకు విసరుట, ఆరుద్రకు ఆరు: ఇవి మొదటి అక్షరముల మైత్రిచేత జతపడినవి. ఆరుద్ర కురిసిన ఆరు కార్తెలు కురియునను మాటయందు ఆరు అను సంఖ్య ఆరుద్ర అను పేరులోనిదే. దానిని లెక్కించి చెప్పిన సంఖ్యగా భావించుట తగదు. శబ్దముచేత వచ్చిన భాగమును తీసివైచి, మిగిలినదానిని వాతావరణముతో పోల్చవలెను. రోళ్లు పగులుట శబ్దాలంకారమైనను రోహిణి యెండ తీవ్రమనుట నిలుచును. ఏలయన మే చివరివారము తెలుగుదేశపు ఎండలకు పరాకాష్ఠ.

ఈ పద్ధతిని "ఉత్తర చూచి ఎత్తర గంప" అను సామెతకు అన్వయింపవచ్చును. ఉత్తరకార్తెవరకు వాన రానిచో ఇక ఆశ లేదు, గంప నెత్తికెత్తుకొని ఊరు విడువవలసినదే యని దాని భావము. గంప యెత్తుట శబ్దముకొరకు వచ్చినదని యనుకొన్నను, ఉత్తరయే కడపటి గడువు అను నిర్ణయము మిగులును. ఉత్తర సెప్టెంబరు 26 ప్రాంతమున ముగియును. నైరృతి వానకాలమును అప్పటికే ముగియును. కావున ఈ గడువు నైరృతి వానపై బ్రదుకు నేలకే చెల్లును. నెల్లూరు తీరమున ఉత్తర ముగియునప్పటికి ముఖ్యమైన వాన ఇంకను మొదలే కాలేదు. అచ్చటి రైతు ఉత్తర చూచి గంప యెత్తినచో, మరి మూడు నాలుగు వారములలో కురియబోవు వానకు వెన్ను చూపి పోయినట్లగును. కనుక ఈ సామెత నెల్లూరు తీరమున పుట్టినది కాదని చెప్పుటకు వీలగుచున్నది. ఉత్తరతీరమునను, లోపలి మెట్టసీమలలోను అది పుట్టియుండుటకు అవకాశము గలదు. నేడు అది తెలుగుదేశమంతటను వినబడుచున్నదనుట దీనికి విరుద్ధము కాదు. సామెత కాళ్లు గలది, పుట్టినచోట నిలువదు. కాని పుట్టినచోటి వానను తనలో దాచుకొని తిరుగును.

దీనికి ప్రతిగా చిత్త, స్వాతి, విశాఖలను గూర్చిన సామెత యొకటి గలదు. చిత్త కరుణించి, స్వాతి చల్లబరచి, విశాఖ విసరకున్నచో సమృద్ధిగా పండుదునని పైరు పలికినట్లు అది చెప్పును. ఇందు వానను కోరుట చిత్త స్వాతులకు, గాలికి వెరచుట విశాఖకు సంబంధించినది. అక్టోబరు రెండవ వారము మొదలు నవంబరు మూడవ వారము వరకు గల కాలమది. ఈశాన్య ఋతుపవనపు వానయు, బంగాళాఖాతపు తుఫానులును ఆ కాలముననే వచ్చును. విసరుట యను క్రియ విశాఖతో అక్షరమైత్రికొరకు వచ్చినదే యైనను, పండబోవు పైరునకు గాలిభయము ఆ దినములలో కలుగునది నిజము. ఉత్తరను కడపటి గడువుగా గొన్న నేలయు, చిత్త స్వాతులనుండి మేలు కోరిన నేలయు ఒకే విధమైన నేల కానక్కరలేదు. రెండు సామెతలను పక్కపక్కన అచ్చువేసి రెండింటిని "తెలుగు సామెతలు" అని మాత్రమే చెప్పినచో, ఒకటి మరియొకదానిని ఖండించుచున్నట్లు తోచును. స్థలము చెప్పినచో రెండును నిలుచును.

డెల్టాలలో మరియొక చిక్కు గలదు. ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యవమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైనది. అప్పటినుండి ఆ నేలలలో నాట్లకు కాలము నిర్ణయించునది ఆకాశము మాత్రమే కాదు. కాలువకు నీరు వదలు దినము కూడ. సార్వా, దాళ్వా అను పంటల పేర్లు కాలువనీటి సేద్యముతో ముడిపడి స్థిరపడినవి. కావున డెల్టాగ్రామములలో సేకరించిన కార్తెసామెతను కాలువలకు పూర్వపు మాటగనో, మెట్టసీమనుండి వచ్చిన మాటగనో మొదట అనుమానింపవలెను.

4. ఎప్పటి సామెత?

స్థలముకంటె సూక్ష్మమైనది కాలపు ప్రశ్న. కార్తెలు నక్షత్రములకు కట్టుబడిన నిరయన లెక్కకు చెందినవి. వానలు విషువములకు కట్టుబడిన సాయన లెక్కను అనుసరించును. అయనచలనముచేత ఈ రెండు లెక్కలు సుమారు 71 సంవత్సరముల కొక దినము చొప్పున ఎడమగుచున్నవి. కార్తె సుమారు పదమూడున్నర దినములు గనుక, రమారమి 950 ఏండ్లలో కార్తెలు ఋతువులకంటె ఒక పూర్తి కార్తెయంత వెనుకబడును. మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము 1955లో సమర్పించిన నివేదికలో ఈ ఎడబాటును స్పష్టముగా చూపినది. 1957 మార్చి 22 నుండి అమలులోనికి వచ్చిన జాతీయ పంచాంగము అందుచేతనే సాయనమానమును గొన్నది.

భాషాచరిత్రకు దీని ఫలితము పెద్దది. నేటి తేదీల లెక్కను వెనుకకు పొడిగించి చూచినచో, రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయ భారతమును తెనిగించిన పదునొకండవ శతాబ్దిలో మృగశిరకార్తె మే 25 ప్రాంతమున ప్రవేశించి జూన్ 7 ప్రాంతమున ముగిసెడిది. నాటి ఆరుద్ర నేటి మృగశిర యున్నచోట, అనగా జూన్ 8 ప్రాంతమున ఉండెడిది. ఋతుపవనపు రాక నాడును నేటివలెనే జూన్ మొదటి రెండు వారములలో నుండెనని అంగీకరించినచో, నాటి తొలకరి మృగశిర చివరను, ఆరుద్ర మొదటను పడెడిది. మృగశిర ప్రవేశముతో లోకము చల్లబడునను నేటి వాడుక నాటి రైతునకు సరిపడదు. నాటి మృగశిరయందు చాల దినములు మండుటెండలే. మృగశిరను తొలివానకార్తెగా చెప్పు మాటలు నిజముగా చూచి చెప్పినవే యైనచో, అవి పదమూడవ శతాబ్దికి పూర్వపువి యగుటకు అవకాశము మిక్కిలి తక్కువ.

దీనికి తోడు పంచాంగములలోనే యొక ఆచారము గలదు. ఆ యేటి మేఘాధిపతిని నిర్ణయించుటకు సూర్యుడు ఆర్ద్రలో ప్రవేశించు వారమును చూతురు, మృగశిరను చూడరు. జనవాక్యము మృగశిరను తొలివానగా చెప్పుచుండగా, పంచాంగము ఆర్ద్రను వానకు అధికారపీఠముగా నుంచినది. ఒక లెక్క ప్రాతది, మరియొకటి క్రొత్తది యని దీనినిబట్టి ఊహింపవచ్చును. అయితే ఇచ్చట రెండు ఆక్షేపములు గలవు. ఆర్ద్ర యను పదమునకే తడి యని యర్థము. ఆ యర్థమే ఈ నియమమునకు కారణమై యుండవచ్చును. మరియు ఉత్తరభారతమున వాన ఆలస్యముగా, జూన్ చివరను చేరును గనుక అచ్చట నేటికిని ఆర్ద్రయే తొలివానకార్తె. ఆ ప్రాంతపు నియమమే దక్షిణపు పంచాంగములకు వచ్చియుండవచ్చును. కావున మేఘాధిపతి నియమమొక్కటియే కాలనిర్ణయమునకు చాలదు. కాలభేదముగా కనబడునది స్థలభేదము కావచ్చునని ఈ ఉదాహరణము హెచ్చరించుచున్నది. రెండు ప్రశ్నలను కలిపియే యడుగవలెను.

ముందునకు చూచినను ఇదే గణితము పనిచేయును. మరి యైదువందల ఏండ్లకు రోహిణికార్తె జూన్ 1 ప్రాంతమున ప్రవేశించును. తొలకరి రోహిణిలోనే కురియును. నాటికి రోళ్లు పగులునను మాట అర్థము తెలియని ప్రాతమాటగా మిగులును. నేడు మనకు సహజముగా తోచు జంటలు ఆకాశమునందు శాశ్వతముగా కట్టబడినవి కావు. సముద్రము వేడెక్కి వానల తీరు మారుచున్న ఈ కాలమున ఆ సడలింపు ఇంకను ముందుగనే కనబడవచ్చును. కార్తెను నమ్మి విత్తువానికి అది మాటలతో పోవు నష్టము కాదు; గింజతో పోవు నష్టము.

5. వడ, ఉక్క, ఉప్పెన

కార్తె చెప్పునది కాలము. ఆ కాలమున దేహమునకు, ఇంటికి ఏమి జరుగునో చెప్పునవి దేశ్యపదములు. వీనియందును తీరపు అనుభవము సన్నని భేదములతో నిలిచియున్నది.

మే నెలలో పీఠభూమిపైనుండి పొడియైన పడమటిగాలి వీచును. అది బలముగా నున్న దినములలో సముద్రపుగాలి తీరమును ఎక్కజాలదు. నాడు తీరపట్టణములందును ఎండ నలువది డిగ్రీలు దాటును. ఈ పొడివేడికి వడ యని పేరు. గాలి వడగాలి, దాని తాకుడు వడదెబ్బ. సముద్రపుగాలి వచ్చిన దినములలో ఎండ కొంత తగ్గును గాని, తేమ హెచ్చుటచే చెమట ఆరదు. చెమట ఆరినప్పుడే దేహము చల్లబడును గనుక తక్కువ ఎండయందును ప్రాణము విలవిలలాడును. ఈ తడివేడికి ఉక్క యని పేరు. దాని బాధ ఉక్కపోత. గ్రీష్మము, నిదాఘము, తాపము అను సంస్కృతపదములు ఈ రెండింటిని విడదీయవు. ఉష్ణోగ్రత నొక్కదానిని చెప్పు వార్తయు విడదీయదు. 2003లోను, 2015లోను వేసవి యెండలు ఆంధ్రదేశమున ఒక్కొక్కయేట వేయికి మించిన ప్రాణములను గొన్నవి. తేమను, వేడిని కలిపి కొలవవలెనని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఆ రెండును వేరువేరు అపాయములని చెప్పు రెండు మాటలు తెలుగున ముందే కలవు.

వానయందును ఇట్టి విభాగము గలదు. చినుకు, తుంపర అనునవి బిందువు పరిమాణమును తెలుపును, జల్లు కొంచెముసేపటిది, జడి ఎడతెగనిది, ముసురు దినముల తరబడి ఆకాశమును కమ్మి విడువనిది. ఈగలు ముసురుట యనునప్పటి క్రియయే ఈ నామమునందును గలదు. జల్లు ఉరుముల వానకు, ముసురు అల్పపీడనపు వానకు సహజమగు పేర్లు. వరపు అనునది వాన నడుమ వచ్చు ఎండకాలము. పదును అనునది నాగటికి లొంగు నేలతేమ. వానలేమి, తేమ అను సామాన్యపదములు ఈ రెండింటికి బదులు కాజాలవు.

వీని యన్నింటిలో ప్రాణములతో ముడిపడిన పదము ఉప్పెన. వాతావరణశాఖ పరిభాషలో గాలివేగము గంటకు 31 కిలోమీటర్లు చేరినది వాయుగుండము; 62 చేరినది తుఫాను; 89 చేరినది తీవ్రతుఫాను. ఈ మెట్లన్నియు గాలిని కొలుచునవే. కాని ఈ తీరమున మహామరణములకు కారణము గాలికంటె నీరు. 1864 నవంబరు 1న, స్వాతికార్తెయందు, మచిలీపట్టణముపైకి సముద్రము పొంగివచ్చి సుమారు ముప్పదివేలమందిని పొట్టన బెట్టుకొన్నది. 1977 నవంబరు 19న, విశాఖ ముగియుచుండగా, దివిసీమపై కొన్ని మీటర్ల యెత్తున నీరు లేచి ఊళ్లకు ఊళ్లను ఊడ్చినది. అధికారిక లెక్కలలో మృతుల సంఖ్య పదివేలకు దరిదాపు. 1996 నవంబరు 6న, స్వాతి విశాఖల సంధిని, గోదావరీ మండలమును తాకిన తుఫాను, 2014 అక్టోబరు 12న చిత్తయందు విశాఖపట్టణమును తాకిన హుద్ హుద్, 2023 డిసెంబరు 5న జ్యేష్ఠయందు బాపట్ల వద్ద తీరము దాటిన మిచాంగ్ ఆ కాలపు వరుసలోనివే. దీనికి భిన్నముగా 1990 మే 9న, భరణికార్తెయందు, వేసవి తుఫాను కృష్ణాముఖమును తాకినది. ముందుగా లక్షలకొలది జనులను తరలించుటచే ప్రాణనష్టము 1977తో పోల్చినచో చాల తక్కువయైనది. కావున తుఫాను ఏటికి రెండు కాలములదని గుర్తింపవలెను. విశాఖ విసరునను సామెత వానిలో ఒకదానినే యెరుగును.

తుఫాను పారసీక అరబ్బీల త్రోవన వచ్చిన పదము. గాలివాన రెండు తెలుగు పదముల సమాసము. 1952లో అంతర్జాతీయ కథల పోటీయందు బహుమతి గొన్న పాలగుమ్మి పద్మరాజు కథకు అదియే పేరు. ఈ రెండు మాటలలో ఏదియు సముద్రము భూమిపైకి లేచుటను చెప్పదు. దానిని చెప్పునది ఉప్పెన యొక్కటియే. తీవ్ర, అతితీవ్ర అని విశేషణములను పెంచినంతమాత్రమున తీరవాసి చెవికి నీటి సంగతి చేరదు. గాలికి తలుపు బిగించుకొని ఇంటిలోనుండుట మేలు. ఉప్పెనకు ఇల్లు విడిచి మెరకకు పోవుట మేలు. చేయవలసిన పనులు ఒకదానికొకటి విరుద్ధములైనప్పుడు పదములును వేరుగా నుండితీరవలెను. జనసమూహమునకు, ఉద్యమమునకు, అభిమానమునకు సైతము ఉప్పెన యని ఉపమానముగా వాడుచు నిఘంటువులలో వరద యని మాత్రమే అర్థము వ్రాసినచో, ఆ పదము తన పదునును కోల్పోవును. నిఘంటుకారుడు దానికి "తుఫానుగాలి త్రోపుడుచే సముద్రము పొంగి తీరభూమిని ముంచుట" అను అర్థమును మొదట నిలిపి, ఉపమానార్థమును పిదప చెప్పవలెను.

6. నిర్ణయము

పై పరిశీలననుండి మూడు విషయములు తేలుచున్నవి. కార్తెల లెక్క కావ్యఋతువులకంటెను, చాంద్రమాసములకంటెను ఈ తీరపు వానకు దగ్గరగా నున్నది. అయినను అది తెలుగుదేశమంతటికిని ఒకటే లెక్క కాదు. శ్రీకాకుళపు వానయు నెల్లూరు వానయు వేరగుటచేత సామెతలును వేరు కావలసినవే. కాలగతిలో అది ఋతువులనుండి నెమ్మదిగా జరుగుచున్నది గనుక సామెతల వయస్సును ఊహించుటకు అదియే కొలతబద్దగా పనికివచ్చును.

కాప్టెన్ కార్ 1868లో ప్రకటించిన సంపుటము మొదలుకొని తెలుగు సామెతల సేకరణ విరివిగా జరిగినది. ఇకముందు చేయవలసినది సంఖ్యను పెంచుట కాదు. ప్రతి సామెతకు గ్రామమును, నేల మెట్టయో మాగాణియో అను విషయమును, చెప్పినవారి వృత్తిని, సేకరించిన సంవత్సరమును చేర్చుట. కన్నడ, మరాఠీ, మలయాళ, తమిళ, ఒడియా పండితులు తమ తమ భాషల వానమాటలకు ఇట్టి వివరములనే కూర్చినచో, ఋతుపవనము ఒక్కొక్క భాషలో ఎట్లు పేరు పెట్టబడినదో చూపు పటము సిద్ధమగును. ఇరుగుపొరుగు భాషలలో ఒకే నక్షత్రమునకు వేరువేరు వానలు, ఒకే వానకు వేరువేరు నక్షత్రములు ఏల తగిలినవో ఆ పటము తెలుపగలదు. కార్తెలను ఎరిగిన రైతులు, ఉప్పెనను కన్నులార చూచిన తీరవాసులు ఇంకను ఉన్నారు. వారి మాటను, దాని చోటును, దాని యేటిని కలిపి వ్రాసికొనుటకు తగిన సమయ మిదియే.